బెంగళూరు డాబా మీద నుంచి ఒక బొగ్గు నక్షత్రం: వీ హైడ్రేను వెతికి, వెలుగు కొలిచి, నమోదు చేయడం ఎలా

శివరాత్రి జాగరం చేసేవాళ్లకు ఆ రాత్రి ఎంత చీకటిగా ఉంటుందో తెలుసు. మాఘ బహుళ చతుర్దశి కాబట్టి తెల్లవారుజామున సన్నటి నెలవంక వచ్చేదాకా చంద్రుడి ఊసే ఉండదు. బెంగళూరులో అప్పటికి చలి తగ్గుముఖం పడుతుంది, మబ్బూ తక్కువే. ఫిబ్రవరి మధ్యలో వచ్చే శివరాత్రి అయితే, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో దక్షిణం వైపు తిరిగి నిలబడండి. ఆకాశంలో సగానికి కాస్త పైన, ఉత్త కంటికి అందని ఒక ఎర్ర నక్షత్రం ఉంటుంది. పేరు వీ హైడ్రే. హైడ్రా మండలంలో వెలుగు మారుతుందని గుర్తించి పేరు పెట్టిన నక్షత్రాల్లో ఇది ఐదోది. ఈ పేర్లు ఆర్ అక్షరంతో మొదలవుతాయి: ఆర్, ఎస్, టీ, యూ, వీ.

మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద నుంచి కొన్ని సీజన్లుగా దీన్ని చూస్తున్నాను. ఒక బైనాక్యులర్, ఒక చిన్న టెలిస్కోపు, ఒక నోటుబుక్కు. ఇంతకుమించి నా దగ్గర ఏమీ లేదు. ఈ నక్షత్రాన్ని కనుక్కోవడం కష్టం కాదు. దాని వెలుగును నిజాయితీగా కొలవడమే కష్టం, ఎందుకంటే ఎరుపు మన కంటిని మోసం చేస్తుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ మోసాన్ని దాటడం గురించే.

ముందు దాని సంగతి తెలుసుకోండి

మామూలు ఎర్ర నక్షత్రాల పైపొరల్లో కార్బన్ కంటే ఆక్సిజన్ ఎక్కువ. వీ హైడ్రేలో అది తలకిందులు. ముసలితనానికి వచ్చిన ఈ నక్షత్రం లోపల హీలియం మండి కార్బన్ తయారైంది. లోపలి సరుకు పైకి, పైది లోపలికి కలియబడుతూ ఆ కార్బన్ పైపొరకు చేరింది. అక్కడున్న ఆక్సిజన్ అంతా కార్బన్ మోనాక్సైడ్‌గా కట్టుబడిపోయాక కూడా కార్బన్ ఇంకా మిగిలింది. ఆ మిగులు రెండేసి పరమాణువులుగా జతకడుతుంది, నైట్రోజన్‌తో చేరి సయనోజన్ అవుతుంది, ఇంకాస్త చల్లబడితే నలుసులుగా పేరుకుంటుంది. పచ్చిగా చెప్పాలంటే మసి. పాతకాలం లాంతరు చిమ్నీకి మసి పట్టినప్పుడు లోపలి దీపం ఎర్రగా, మసకగా కనబడేది గుర్తుందా? ఇక్కడ జరిగేదీ దాదాపు అదే. నీలం వెలుగును ఈ అణువులు, ఈ మసి మింగేస్తాయి, ఎరుపు బయటపడుతుంది. ఇటువంటి కార్బన్ నక్షత్రాలను 1860ల్లోనే రోమ్‌లో ఆంజెలో సెక్కీ అనే మతగురువు వర్ణపటం చూసి వేరే తరగతిగా పెట్టాడు.

దీని వెలుగులో రెండు లయలు ఉన్నాయి. ఒకటి సుమారు 530 రోజులది: నక్షత్రం తనంతట తాను ఉబ్బి, కుంచించుకుపోయే లయ. రెండోది సుమారు 6,160 రోజులది, అంటే దాదాపు 17 ఏళ్లది. ఈ రెండూ కలిసినప్పుడు వెలుగు 6వ మాగ్నిట్యూడ్ నుంచి 12 దాకా దిగిపోగలదు. మాగ్నిట్యూడ్ అంటే నక్షత్రం వెలుగుకు కొలత; ఆ అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఒక్కో మెట్టుకు 2.512 రెట్లు, ఆరు మెట్లకు దాదాపు 250 రెట్లు. ఈ 2.512 అన్న లెక్కను 1856లో ప్రతిపాదించిన నార్మన్ పాగ్సన్ ఆ తర్వాత 1861లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 1891లో చనిపోయేదాకా అక్కడే పనిచేశాడు. ఆయన దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే నక్షత్రం వెలుగు మారుతుందని కనుక్కున్నారు. ఆ మద్రాసు అబ్జర్వేటరీ వారసత్వమే కొడైకెనాల్ మీదుగా నేటి కోరమంగళ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ దాకా వచ్చింది. మనం డాబా మీద చేయబోయే పనికి మన దగ్గరే ఇంత చరిత్ర ఉంది.

ఇక 17 ఏళ్ల లయ. దీనికి కారణం జంట. వీ హైడ్రే పక్కన మనకు నేరుగా కనబడని ఒక తోడు నక్షత్రం ఉందని పరిశోధకులు అంటున్నారు. హబుల్ టెలిస్కోపుతో 2002 నుంచి 2013 వరకు విడతలుగా చూసి రాఘవేంద్ర సహాయ్ బృందం 2016లో ప్రకటించిన సంగతి ఇది: ఈ నక్షత్రం దగ్గర నుంచి ప్రతి 8.5 ఏళ్లకోసారి వేడి ప్లాస్మా ముద్దలు తూటాల్లా దూసుకొస్తున్నాయి, కనీసం 400 ఏళ్లుగా. ఒక్కో ముద్ద బరువు అంగారకుడికి రెండింతలు. భూమి నుంచి చంద్రుడి దాకా అరగంటలో చేరిపోయేంత వేగం. తోడు నక్షత్రం కోలగా సాగిన దారిలో తిరుగుతూ 8.5 ఏళ్లకోసారి పెద్దదాని ఉబ్బిన పైపొరల్లోకి దూరుతుందని, అక్కడ దొరికిన సరుకు దాని చుట్టూ పళ్లెంలా తిరిగి, ఆ పళ్లెం నుంచే తూటాలు వస్తాయని వాళ్ల వివరణ. పళ్లెం కాస్త ఊగుతుంది కాబట్టి తూటాల దిశ ఒకసారి ఇటు, ఒకసారి అటు మారుతుంది. ఎనిమిదిన్నర రెండుసార్లు అయితే పదిహేడు. 17 ఏళ్లకోసారి వెలుగు పడిపోవడాన్ని వాళ్లు దీనితోనే ముడిపెట్టారు.

దూరం సుమారు 1,200 కాంతి సంవత్సరాలు. మీరు చూసే వెలుగు అక్కడ బయల్దేరినప్పుడు మన దగ్గర ఓరుగల్లు కోట కూడా లేదు.

సామాను, చోటు

10×50 బైనాక్యులర్ చాలు, మొదలుపెట్టడానికి. మా టెర్రస్ మీద నుంచి దానితో 8 లేదా 8.5 మాగ్నిట్యూడ్ దాకా చూడగలను. నక్షత్రం అంతకంటే మసకబారితే 6 అంగుళాల టెలిస్కోపు కావాలి. కొత్తగా కొనేవాళ్లు బైనాక్యులర్‌తోనే ఒక సీజన్ గడపండి. ఎర్ర నక్షత్రాల విషయంలో పెద్ద టెలిస్కోపు వల్ల ఒక నష్టమూ ఉంది, కింద చెబుతాను.

చేతులు వణికితే అంచనా తప్పుతుంది. ట్రైపాడ్ లేకపోతే మడత కుర్చీలో వెనక్కి వాలి, మోచేతులు కుర్చీ చేతుల మీద ఆనించండి. పిట్టగోడకు ఆనుకుని నిలబడడం మాత్రం వద్దు. చీకట్లో పైకి చూస్తూ చూస్తూ ఒళ్లు తెలియదు.

టార్చికి ఎర్ర జిలెటిన్ పేపరు రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు చుట్టండి. తెల్ల వెలుగు ఒక్క క్షణం పడినా కన్ను మళ్లీ చీకటికి అలవాటు పడడానికి 20 నిమిషాలకు తక్కువ పట్టదు. ఫోను జేబులోనే ఉండాలి. స్క్రీన్ వెలుగు తగ్గించాం కదా అనుకుంటాం, అది సరిపోదు.

చోటుకు రెండే షరతులు: దక్షిణం తెరిపిగా ఉండాలి, వీధిలైటు నేరుగా కంట్లో పడకూడదు. నీళ్ల ట్యాంకు నీడ దీనికి భలే పనికొస్తుంది. టెర్రస్ తాళం కోసం అసోసియేషన్‌కు, వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచండి. మా వాచ్‌మన్ తాతది అనంతపురం వైపు. మొదటి రాత్రి అనుమానంగా పైకొచ్చాడు. బైనాక్యులర్ చేతికిచ్చి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. "ఆరిపోతాండే బొగ్గు మాదిరి ఉండాది సామీ" అన్నాడు చివరికి. నేను అప్పటికి ఇంకా కార్బన్ మాటే ఎత్తలేదు.

ఎప్పుడు చూడాలి

వీ హైడ్రే దక్షిణ దిక్కున అన్నిటికంటే ఎత్తుకు వచ్చే వేళ బెంగళూరులో ఇలా ఉంటుంది: ఫిబ్రవరి మధ్యలో రాత్రి 1:30, మార్చి మధ్యలో 11:40, ఏప్రిల్ మధ్యలో 9:40, మే మధ్యలో 7:45 ప్రాంతం. నెలకు రెండు గంటలు ముందుకు జరుగుతుందని గుర్తుంటే చాలు. ఆ సమయానికి అటూ ఇటూ రెండు గంటలు చూడవచ్చు. చెన్నైలో ఉన్నవాళ్లు పది నిమిషాలు ముందు అనుకోండి. బెంగళూరు నుంచి దాని గరిష్ఠ ఎత్తు దాదాపు 56 డిగ్రీలు. యూరప్‌లో ఎక్కువ చోట్ల ఇది దిగంతం దగ్గరే పాకుతుంది, కాబట్టి మనం అదృష్టవంతులం.

నా అనుభవంలో అన్నిటికంటే మంచి రాత్రులు ఉగాది ముందువి. ఉగాది అంటే అమావాస్య మరునాడు. ఇంట్లో మావిడాకులు, వేపపూత తెచ్చి పెట్టుకున్న రాత్రి ఆకాశంలో చంద్రుడు ఉండడు, నక్షత్రం చక్కని వేళకు ఎత్తుకు వస్తుంది. ఏప్రిల్ నడిమి నుంచి సాయంత్రం ఉరుముల వాన మొదలవుతుంది. వాన వెలిసిన రాత్రి గాలిలో దుమ్ము కడుక్కుపోయి ఆకాశం అద్దంలా ఉంటుంది, అది వదులుకోవద్దు. పున్నమికి అటూ ఇటూ నాలుగైదు రోజులు మానేయండి.

దారి

మన నక్షత్రాల పేర్లతోనే వెళదాం. హస్త తెలుసుగా: నాలుగు నక్షత్రాల వంకర చతురస్రం. ఇంగ్లిష్ మండలాల్లో అది కార్వస్. నగరం నడిబొడ్డులో కూడా కనబడుతుంది. దక్షిణం వైపు తిరిగి ఉంటే హస్త మీకు ఎడమ పక్కన ఉంటుంది. కుడి పక్కన, ఇంకా ఎత్తులో, చుట్టూ ఏమీ లేకుండా ఒంటరిగా ఒక నారింజ నక్షత్రం ఉంటుంది. అది ఆల్ఫార్డ్.

ఇప్పుడు చేయి బారుగా చాచి జాన పెట్టండి. చాచిన చేతి జాన ఆకాశంలో సుమారు 20 డిగ్రీలు. హస్తలో కుడివైపు పై మూల నక్షత్రం దగ్గర చిటికెన వేలు పెడితే బొటన వేలు దాదాపు న్యూ హైడ్రే అనే నక్షత్రం మీద పడుతుంది. ఆల్ఫార్డ్ వైపు నుంచి జాన పెట్టినా ఇంచుమించు అక్కడికే వస్తుంది. దాని మాగ్నిట్యూడ్ 3.1. మారతహళ్ళిలో మంచి రాత్రి ఉత్త కంటికి కనబడుతుంది, మామూలు రాత్రి అరచేత్తో వీధిలైట్లు మరుగు చేసుకుంటే కనబడుతుంది.

బైనాక్యులర్‌ను న్యూ హైడ్రే మీద పెట్టి, అది వృత్తం పై అంచుకు వచ్చేదాకా మెల్లగా కిందికి దించండి. ఇప్పుడు ఎడమ పక్కన మధ్య ఎత్తులో ఒక నక్షత్రం కనబడాలి. అది ఆల్కెస్, మాగ్నిట్యూడ్ 4.1. న్యూ హైడ్రేకు సూటిగా కింద, పిసరంత ఎడమకు, ఐదు డిగ్రీల దూరంలో, వృత్తం కింది అంచు దగ్గర ఉన్నదే వీ హైడ్రే. ఐదు డిగ్రీలంటే చాచిన చేతి మూడు వేళ్ల వెడల్పు. ఆల్కెస్ నుంచి దానికి మూడున్నర డిగ్రీలు. మూడూ కలిసి ఒక త్రికోణం. ఈ త్రికోణం ఒకసారి మనసులో పడితే మ్యాపు లేకుండానే వెళ్లిపోతారు.

వెళ్లే ముందు ఒక చిన్న మజిలీ చేయమంటాను. న్యూ హైడ్రే నుంచి కుడివైపు పైకి నాలుగు డిగ్రీల దూరంలో యూ హైడ్రే ఉంది. అదీ కార్బన్ నక్షత్రమే, మాగ్నిట్యూడ్ సుమారు 5, బైనాక్యులర్‌లో తేలిగ్గా దొరుకుతుంది. ముందు దాని రంగు చూసి, ఆ తర్వాత కిందికి దిగండి. ఏ ఎరుపు కోసం వెతుకుతున్నారో కంటికి తెలుస్తుంది. రంగు బాగా కనబడాలంటే ఫోకస్ కొంచెం చెడగొట్టండి: చుక్క పళ్లెంలా విప్పారినప్పుడు రంగు బయటపడుతుంది.

మ్యాపు

కచ్చితంగా అదేనా అని తేల్చడానికి, పక్కనున్న నక్షత్రాల వెలుగు అంకెలు తెలియడానికి చార్టు కావాలి. 1911లో మొదలైన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్, పొట్టిగా ఏఏవీఎస్ఓ, ఈ చార్టులు ఉచితంగా ఇస్తుంది. వాళ్ల వెబ్‌సైట్‌లో వేరియబుల్ స్టార్ ప్లాటర్ తెరిచి, నక్షత్రం పేరు దగ్గర ఇంగ్లిష్ అక్షరం వీ, ఒక ఖాళీ, తర్వాత హెచ్ వై ఏ అని కొట్టండి. స్కేలు ఏ అంటే 15 డిగ్రీలు, బైనాక్యులర్‌కు ఇది. బీ అంటే 3 డిగ్రీలు, టెలిస్కోపుకు. రెండూ ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, మంచుకు తడవకుండా.

చార్టులో నక్షత్రాల పక్కన 67, 74 లాంటి అంకెలు ఉంటాయి. అంటే 6.7, 7.4. చుక్క పెడితే అదీ నక్షత్రం అనుకుంటారని పెట్టరు. బైనాక్యులర్‌లో చార్టు సూటిగా సరిపోతుంది. న్యూటోనియన్ టెలిస్కోపులో దృశ్యం తలకిందులుగా వస్తుంది, కాగితం తిప్పి పట్టుకుంటే చాలు. డయాగొనల్ (వెలుగును కంటివైపు మళ్లించే అద్దం) ఉన్న టెలిస్కోపులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి రివర్స్ చార్టు అడగాలి. చార్టు కింద దాని ఐడీ ఉంటుంది. నోటుబుక్కులో అది రాసుకోండి, తర్వాత అడుగుతారు.

వెలుగు అంచనా: అసలు పని

పద్ధతి వినడానికి సులువు. వీ హైడ్రే కంటే కొంచెం ప్రకాశంగా ఉన్న నక్షత్రం ఒకటి, కొంచెం మసకగా ఉన్నది ఒకటి చార్టులో ఎంచుకోండి. ఉదాహరణకు ఒకటి 7.2, ఇంకొకటి 7.8 అనుకుందాం. మధ్య దూరం 0.6. మన నక్షత్రం 7.2కు దగ్గరగా, మూడో వంతు దూరంలో ఉన్నట్టు అనిపిస్తే 7.4. సరిగ్గా నడుమ ఉంటే 7.5. పదో వంతు దాకానే రాయండి, అంతకుమించిన సూక్ష్మం కంటికి లేదు.

ఇక్కడే ఎరుపు అడ్డొస్తుంది. మీరే ఒకసారి పరీక్షించండి: వీ హైడ్రేను కదలకుండా పది పదిహేను సెకన్లు తేరిపార చూడండి. అది మెల్లమెల్లగా వెలుగెక్కుతున్నట్టు ఉంటుంది. పక్కనున్న తెల్ల నక్షత్రం అలా ఎక్కదు. నక్షత్రం మారలేదు, మీ కన్ను ఎరుపును కూడబెట్టుకుంటోంది. మొదటి సీజన్‌లో నాకు ఇది తెలియదు. కనబడడమే ఆనందం కాబట్టి చాలాసేపు చూసి, అప్పుడు అంకె రాసేవాణ్ని. సీజన్ అయ్యాక మిగతావాళ్ల అంకెల పక్కన నావి పెట్టి చూస్తే దాదాపు అన్నీ అర మాగ్నిట్యూడ్ ఎక్కువ ప్రకాశంగా ఉన్నాయి. నాలుగు నెలల రాత్రులవి. చాలా బాధేసింది. అవి కొట్టేయలేదు, ఆ పేజీల పైన కారణం రాసి ఉంచాను.

కాబట్టి తళుక్కున చూసి తప్పుకోండి. ఒక సెకను వీ హైడ్రే, ఒక సెకను పోలిక నక్షత్రం, మళ్లీ ఇది, మళ్లీ అది. ఏ ఒక్కదాని మీదా కన్ను నిలపొద్దు. కన్ను అలసినట్టుంటే ఒక నిమిషం మూసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

రెండో మార్గం ఫోకస్ చెడగొట్టడం. మూడు నక్షత్రాలూ సమానమైన మసక పళ్లేలు అయ్యేదాకా విప్పండి. చుక్కల్ని పోల్చడం కంటే పళ్లేల మసకదనాన్ని పోల్చడం తేలిక, రంగు తేడా అంతగా వేధించదు. నాకు ఇదే ఎక్కువ నమ్మకం. అయితే నక్షత్రం మీ పరికరం హద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు పళ్లెం అసలు కనబడకుండా పోతుంది, అప్పుడు మొదటి మార్గమే గతి.

ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోనిది. రెండు నక్షత్రాలు ఒకదాని కింద ఒకటి ఉన్నప్పుడు కింది దాన్ని, పై దాన్ని కన్ను ఒకేలా లెక్కించదు. అందుకని తల వంచి, రెండు కళ్లను కలిపే గీత ఆ రెండు నక్షత్రాలను కలిపే గీతకు సమాంతరంగా ఉండేలా చూసుకోండి. మెడ నొప్పి పుడుతుంది, అయినా చేయాలి. పోల్చేటప్పుడు రెండూ వృత్తం మధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. అంచు దగ్గర వెలుగు తగ్గిపోతుంది.

పెద్ద టెలిస్కోపు నష్టం అన్నాను కదా. ఎర్ర నక్షత్రం ఎంత ధారాళంగా వెలిగితే కన్ను దాని ఎరుపుకు అంతగా లొంగిపోతుంది. అందువల్ల నక్షత్రం హాయిగా కనబడే అతి చిన్న పరికరం వాడండి. 7వ మాగ్నిట్యూడ్‌లో ఉంటే బైనాక్యులర్. 9కి దిగితే టెలిస్కోపు. ఏ రాత్రి ఏది వాడారో రాయండి. మధ్యలో పరికరం మార్చాల్సి వస్తే ఆ రాత్రి రెండింటితోనూ చూసి రెండు అంకెలూ నోటుబుక్కులో పెట్టుకోండి, మీ కంటికి ఎంత తేడా వస్తోందో తెలుస్తుంది.

కిందటిసారి ఎంత రాశారో చూసి పైకి వెళ్లొద్దు. ఇది నేను గట్టిగా చెప్పే మాట. కిందటి వారం 7.6 అని గుర్తుంటే ఈ వారం కన్ను 7.6నే వెతుక్కుంటుంది. ఇంటర్నెట్‌లో మిగతావాళ్ల గ్రాఫ్ కూడా అంతే, మీ అంకె పంపాకే తెరవండి. మబ్బు పడి, అనుమానంగా ఉండి, అంకె తేలకపోతే ఖాళీ వదిలేయండి. నక్షత్రమే కనబడకపోతే మాత్రం అది కూడా సమాచారమే: అప్పుడు కనబడిన అతి మసక పోలిక నక్షత్రం 8.3 అయితే "8.3 కంటే మసక" అని రాస్తారు. పంపేటప్పుడు దానికి "<" గుర్తు ఉంది.

తేదీ, సమయం

నక్షత్రాల లెక్కలో తేదీకి బదులు జూలియన్ డే వాడతారు. పొట్టిగా జేడీ. రోజులు వరసగా లెక్కపెట్టుకుంటూ పోయిన అంకె. ఇది గ్రీనిచ్ మధ్యాహ్నం 12కు మారుతుంది, అంటే మనకు సాయంత్రం 5:30. భారతదేశంలో ఉన్నవాళ్లకు ఇదొక వరం. పొద్దుగుంకే వేళకు కొత్త రోజు మొదలై, రాత్రంతా అదే అంకె ఉంటుంది. అర్ధరాత్రి దాటితే తేదీ మార్చాలా వద్దా అన్న టెన్షన్ లేదు.

2026 జనవరి 1 సాయంత్రం 5:30కి జేడీ 2461042.0. అక్కడి నుంచి ఎన్ని రోజులైతే అన్ని కలపండి. మార్చి 1 సాయంత్రానికి 59 రోజులు, 2461101. మార్చి 18, ఉగాది ముందు రాత్రి, 2461118. సమయం కోసం 5:30 నుంచి ప్రతి 2 గంటల 24 నిమిషాలకు 0.1 కలపాలి. 7:54కు 0.1, రాత్రి 10:18కి 0.2, 12:42కు 0.3, తెల్లవారుజాము 3:06కు 0.4. మార్చి 18 రాత్రి 10:18కి చూస్తే 2461118.2. ఈ నక్షత్రం నెమ్మది స్వభావానికి ఒక దశాంశం సరిపోతుంది. నోటుబుక్కు అట్ట లోపల ఈ నాలుగు సమయాలు రాసి పెట్టుకున్నాను, ఇంకేదీ అక్కర్లేదు.

పంపడం

ఏఏవీఎస్ఓలో ఖాతా తెరిచి అబ్జర్వర్ కోడ్ అడిగితే ఉచితంగా ఇస్తారు. వెబ్అబ్స్ అనే పేజీలో నక్షత్రం పేరు, జేడీ, మీ అంకె, పోలిక నక్షత్రాల అంకెలు, చార్టు ఐడీ నింపాలి. ఆకాశం బాగాలేకపోతే ఒక అక్షరం జోడించవచ్చు: నగరపు వెలుగుకు, వెన్నెలకు బీ, మబ్బుకు, పొగకు యూ, అంచనా మీదే అనుమానం ఉంటే జెడ్. బెంగళూరు నుంచి పంపే నా రిపోర్టుల్లో సగం మీద బీ ఉంటుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, లెక్కలు వేసేవాళ్లకు అది ఉపయోగం.

వారానికి ఒకటి, పది రోజులకు ఒకటి చాలు. 530 రోజుల లయను రోజూ కొలిస్తే అదనంగా తెలిసేది తక్కువ, మన పొరపాట్లే పేరుకుంటాయి.

ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ దగ్గర పల్లెలో ఉంటూ ఖజానా గుమాస్తాగా పనిచేసిన రాధాగోవింద చంద్ర ఇలాంటి అంచనాలు 37 వేలకు పైగా ఏఏవీఎస్ఓకు పంపారు. ఆ సంస్థ ఆయనకు 1926లో ఒక 6 అంగుళాల టెలిస్కోపు అప్పుగా పంపింది. తర్వాత అది ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు చేతికి వచ్చింది. బప్పు హైదరాబాద్‌లో పెరిగినవాడు, తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి. బెంగళూరు నుంచి సుమారు 175 కిలోమీటర్ల దూరంలో, జవాది కొండల్లో కావలూరు అబ్జర్వేటరీ ఇప్పుడు ఆయన పేరు మీదే ఉంది.

కార్బన్‌ను కళ్లారా చూడాలంటే

ముందు వంటింట్లోకి వెళ్లండి. రాత్రి లైట్లన్నీ ఆపి, గ్యాస్ స్టవ్ చిన్న బర్నర్ వెలిగించండి. మంట లోపల నీలి ఆకుపచ్చ రంగు శంకువులు ఉంటాయి చూడండి, ఆ రంగులో ఆకుపచ్చ భాగం రెండేసి కార్బన్ పరమాణువుల జతల నుంచి వస్తుంది. 1856లో స్కాట్లాండ్‌వాసి విలియం స్వాన్ మంటల్లో వీటిని పరిశీలించాడు, అందుకే స్వాన్ పట్టీలు అంటారు. వెలుగును రంగులుగా విడదీసే డిఫ్రాక్షన్ గ్రేటింగ్ అనే గీతల పలక ఉంటే కంటికి దగ్గరగా పెట్టుకుని రెండు మూడు మీటర్ల దూరం నుంచి మంటను చూడండి. పక్కకు విప్పారిన రంగుల్లో మామూలు హరివిల్లు ఉండదు. ఆకుపచ్చ దగ్గర, నీలం దగ్గర విడివిడిగా మంట బొమ్మలు నిలబడతాయి.

ఇప్పుడు అదే కార్బన్ జత 1,200 కాంతి సంవత్సరాల దూరంలో. స్టార్ ఎనలైజర్ 100 అనే చిన్న గ్రేటింగ్, మిల్లీమీటరుకు 100 గీతలది, టెలిస్కోపు కెమెరా ముందు మామూలు ఫిల్టర్‌లా బిగుస్తుంది. మొదట న్యూ హైడ్రే తీయండి. అది నారింజ రంగు కె తరగతి నక్షత్రం, రసాయనంగా పెద్ద వింతేమీ లేదు. వర్ణపటం ఎరుపు నుంచి నీలం దాకా సాఫీగా సాగుతుంది. తర్వాత ఐదు డిగ్రీలు కిందికి దిగి వీ హైడ్రే తీయండి. ఎక్స్‌పోజర్ చాలా పెంచాలి. 563.6, 516.5, 473.7 నానోమీటర్ల దగ్గర వెలుగు మెట్లు మెట్లుగా కూలిపోతుంది, నీలం దాటాక దాదాపు ఏమీ మిగలదు. స్టవ్ మంటలో వెలిగిన చోట్లే ఇక్కడ చీకటి. చల్లని పైపొరల్లోని కార్బన్ జతలు వెనక నుంచి వచ్చే వెలుగులో ఆ రంగులనే మింగేస్తున్నాయి కాబట్టి. రెండు బొమ్మలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి మా అక్క కూతురికి చూపిస్తే, "మామయ్యా, పై దానికి పళ్లున్నాయి, కింద దానికి ఊడిపోయాయి" అంది. పదేళ్ల పిల్ల ఇంతకంటే బాగా ఎలా చెబుతుంది!

డీఎస్ఎల్ఆర్ ఫొటోలతో వెలుగు కొలవాలనుకునేవాళ్లు ఆకుపచ్చ ఛానల్ వాడండి. కానీ ఇంత ఎర్రటి నక్షత్రానికి రంగు సవరణ చేయకుండా వచ్చిన అంకె నమ్మదగింది కాదు. అది నేర్చుకునేదాకా కన్నే మేలు.

వాన కాలం, ఆ తర్వాత

జూన్‌లో మబ్బులు వస్తాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వీ హైడ్రే సూర్యుడి వైపు ఉండి అసలే కనబడదు. ఈ విరామంలో నోటుబుక్కులోని అంకెలు గ్రాఫ్ కాగితం మీద పెట్టుకోండి. ఒక సీజన్‌లో గీత ఒక వాలు మాత్రమే చూపిస్తుంది. 530 రోజుల లయ పూర్తిగా కనబడాలంటే మూడు సీజన్లు కావాలి. పక్కనే ఏఏవీఎస్ఓ గ్రాఫ్ తెరిచి మీ చుక్కలు మిగతావాటి గుంపులో ఎక్కడ పడ్డాయో చూడండి. అన్నీ ఒకే వైపు ఒకే మోతాదులో జరిగి ఉంటే అది మీ కంటి స్వభావం, కంగారుపడి పద్ధతి మార్చొద్దు. అటూ ఇటూ చెదిరి ఉంటేనే పద్ధతిలో లోపం.

మళ్లీ కార్తీకంలో దొరుకుతుంది. నవంబరు మధ్యలో తెల్లవారుజామున ఐదింటికి, అమ్మ తులసి కోట దగ్గర దీపం పెట్టే వేళకు, ఆగ్నేయంలో 40 డిగ్రీల ఎత్తున ఉంటుంది. మంచు పడుతుంది, లెన్సు తుడవడానికి మెత్తటి గుడ్డ పెట్టుకోండి. హస్త అప్పటికి ఇంకా కిందే ఉంటుంది కాబట్టి ఈసారి ఆల్ఫార్డ్ వైపు నుంచి జాన పెట్టి రండి. మొదటి ఉదయం చూసి, కిందటి మే నెల పేజీ తెరవకుండా, ఎంత కనబడితే అంత రాయండి.